రంపం మిషనుకు బలం ఎక్కడ? ఇంజనులోనా, పంటిలోనా?

పొద్దు పొడవకముందే సుబాబుల్ తోటల్లో రంపం మిషన్ల మోత మొదలవుతుంది. ప్రకాశం జిల్లా మెట్ట పొలాలకు ఈ మోత కొత్తదేమీ కాదు. సుబాబుల్, జామాయిల్ కర్ర కోతకు వచ్చిందంటే చాలు, ముఠాలు దిగుతాయి. మిషను పట్టినవాడు ముందు నడుస్తాడు. కొమ్మలు కొట్టేవారు, తొక్క తీసేవారు, లారీకి ఎత్తేవారు అతని వెనక నడుస్తారు. ముందున్న మిషను ఆగితే వెనక ఉన్న చేతులన్నీ ఆగిపోతాయి. కర్ర కాగితం మిల్లులకు టన్నుల లెక్కన పోతుంది. కోత కూలి కూడా టన్నుకింత అని మాట్లాడుకోవడం పరిపాటి. దాంతో మిషను ఎంత తొందరగా కోస్తే అంత కూలి అన్న లెక్క కుర్రాళ్ల మనసులో బాగా నాటుకుపోయింది.

ఆ లెక్కలోంచి పుట్టిందే 'పోర్టింగు' మోజు. అంటే ఇంజను విప్పి, సిలిండరు లోపలి దారులను తోమి, పెద్దవి చేసి, కంపెనీ ఇచ్చినదానికన్నా ఎక్కువ బలం రాబట్టడం.

సాయంత్రం పని దిగిన కుర్రాడు భుజాన మిషనుతో రోడ్డు పక్క షెడ్డు ముందు దిగుతాడు. "బాబాయ్, మిషను లాగట్లేదు. పక్క ముఠా వాళ్లదైతే అరటిబోదె నరికినట్టు నరుకుతోంది. నాది కూడా పోర్టింగు చేసిపెట్టు" అంటాడు. అనుభవం ఉన్న మెకానిక్కు అయితే ఇంజను వంక చూడనైనా చూడడు. "ముందు ఆ చైను విప్పు అబ్బాయ్, తర్వాత చూద్దాం" అంటాడు. మిషన్లు బాగుచేసే ఏ షెడ్డు దగ్గర నిలబడినా వినిపించే మాటలే ఇవి. కుర్రాడు అడిగినదానిలో నిజం ఉంది. మెకానిక్కు ఇచ్చిన జవాబులో అంతకన్నా ఎక్కువ నిజం ఉంది.

కిటికీలే వాల్వులు

రంపం మిషనులో ఉండేది టూ స్ట్రోక్ ఇంజను. దీనికి కారుకో, ట్రాక్టరుకో ఉన్నట్టు వాల్వులు ఉండవు. సిలిండరు గోడకు చెక్కిన కిటికీలే వాల్వుల పని చేస్తాయి. వాటినే పోర్టులు అంటారు. పిస్టను పైకీ కిందికీ ఆడుతూ ఆ కిటికీలను తానే తెరుస్తుంది, తానే మూస్తుంది.

పిస్టను పైకి పోయేటప్పుడు దాని కింది అంచు దాటగానే ఒక కిటికీ తెరుచుకుంటుంది. కార్బొరేటరు నుంచి పెట్రోలు, గాలి కలిసి కింద ఉన్న క్రాంకు గదిలోకి వస్తాయి. పైన ప్లగ్గు మంట అంటించగానే పిస్టను కిందికి తోసుకువస్తుంది. వస్తూ ముందుగా పొగ పోయే కిటికీ తెరుస్తుంది. ఆ వెంటనే పక్క కిటికీలు తెరుచుకుని క్రాంకు గదిలో ఉన్న కొత్త సరుకు పైకి ఎగబాకుతుంది. పాత పొగను బయటికి నెట్టేది ఆ కొత్త సరుకే.

కర్ర తగలకుండా పూర్తి వేగంలో ఉన్నప్పుడు మిషను నిమిషానికి దాదాపు 13,000 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 200 సార్లకు పైగా మంట అంటుకోవాలి. పొగ పోయే కిటికీ ఒక్కోసారి తెరిచి ఉండేది సెకనులో 500వ వంతు మాత్రమే. అంత కొద్ది వ్యవధిలో పొగ పోవాలి, కొత్త సరుకు రావాలి. కిటికీ కాస్త వెడల్పయినా, కాస్త ముందుగా తెరుచుకున్నా ఇంజను ఊపిరి మారిపోతుంది. పోర్టింగు కిటుకంతా ఇక్కడే ఉంది.

మరి ఆ పని కంపెనీవారే చేయవచ్చు గదా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. కంపెనీ వేల మిషన్లను ఒకే అచ్చులో పోస్తుంది. ఒక్కోదాన్నీ చేత్తో తోముతూ కూర్చోదు. పైగా పొగ, మోత తగ్గాలని చాలా దేశాల్లో చట్టాలు వచ్చాయి. అందుకోసం సైలెన్సరు గొంతును ఇరుకు చేశారు. కొన్నవాడు ఎలా వాడినా ఇంజను కొంతకాలం నిలవాలన్న లెక్క కూడా ఉంటుంది. అలా కంపెనీ వదిలిపెట్టిన కొద్దిపాటి బలాన్నే పోర్టింగు చేసేవారు ఏరుకుంటారు. 50 సిసి మిషను బలం దాదాపు 3 హార్సుపవరు. చేయి తిరిగినవాడు శ్రద్ధగా చేస్తే వందకు పది, మహా అయితే ఇరవై వంతులు పెరగవచ్చు. రెట్టింపు అయిందని ఎవరైనా చెబితే అది ఉత్తమాట.

ఆర్ఎక్స్ 100 నాటి విద్య

ఈ విద్య మన మెకానిక్కులకు బొత్తిగా తెలియనిది కాదు. 1985లో వచ్చి 1996 దాకా తయారైన యమహా ఆర్ఎక్స్ 100 మోటారు సైకిలు కూడా టూ స్ట్రోక్ బండే. 98 సిసి ఇంజనుతో 11 హార్సుపవరు ఇచ్చిన ఆ బండికి పోర్టింగు చేసిన చేతులు ప్రతి పట్నంలోనూ ఉన్నాయి.

అసలు టూ స్ట్రోక్ ఇంజను నుంచి ఎంత బలం పిండవచ్చో లోకానికి చూపించినవాడు వాల్టర్ కాడెన్ అనే జర్మను ఇంజనీరు. తూర్పు జర్మనీలోని చోపావ్ పట్నంలో ఎంజెడ్ మోటారు సైకిళ్ల కంపెనీలో పనిచేశాడు. 1961 నాటికి ఆయన 125 సిసి పందెం ఇంజను నుంచి 25 హార్సుపవరు తీశాడు. ఆ సంవత్సరమే ఆయన దగ్గర పందేలకు బండి నడిపిన ఎర్నెస్ట్ డెగ్నర్ దేశం దాటిపోయి, ఆ కిటుకులను జపాను సుజుకి కంపెనీకి చేర్చాడు. మరుసటి ఏడు 50 సిసి ప్రపంచ పందెంలో సుజుకి గెలిచింది.

కాడెన్ గొప్పతనం ఆకురాయి పట్టడంలో లేదు, కొలవడంలో ఉంది. పోర్టు మార్చిన ప్రతిసారీ ఇంజనును పరీక్ష బల్ల మీద నడిపి చూసేవాడు. పోర్టుకు తగ్గట్టు సైలెన్సరు గొట్టాన్ని మార్చేవాడు. పొగ గొట్టంలో పుట్టే అలలు తిరిగివచ్చి కొత్త సరుకును బయటికి పోనీయకుండా లోపలికి నెట్టేలా ఆ గొట్టం ఆకారాన్ని తీర్చాడు. రంపం మిషనుకు అంత పొడుగు గొట్టం పెట్టే చోటు లేదు. కాబట్టి మోటారు సైకిలుకు చేసిన లెక్కను తెచ్చి రంపానికి అంటగడితే కుదరదు.

ముందు కొలత, తర్వాత ఆకురాయి

ఇంట్లోనో, షెడ్డులోనో ఈ పని చేయాలంటే ఒక వరస ఉంది. ఆ వరస తప్పినవారే ఎక్కువగా సిలిండర్లు పారేసుకుంటారు.

మొదటిది పిస్టనుకు, సిలిండరు పైకప్పుకు మధ్య ఉన్న సందు. ప్లగ్గు తీసి ఆ కంతలోంచి మెత్తటి సోల్డరు తీగను సిలిండరు గోడ తగిలేదాకా పెట్టి, చేత్తో ఇంజనును ఒక చుట్టు తిప్పాలి. తీగ నలుగుతుంది. నలిగిన చోట మందాన్ని కొలిస్తే సందు తెలుస్తుంది. రెండు పక్కలా చూడాలి. అర మిల్లీమీటరుకు తగ్గకూడదు. సందు అంతకన్నా బాగా ఎక్కువ ఉంటే సిలిండరు కింది ప్యాకింగు తీసేసి, వేడికి తట్టుకునే జిగురు పూసి బిగించేవారున్నారు. దీనితో ఒత్తిడి పెరిగి కర్రలో లాగుడు పెరుగుతుంది. అయితే సిలిండరు కిందికి దిగితే దానితోపాటు కిటికీలన్నీ దిగుతాయి. పొగ కిటికీ ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఆ సంగతి లెక్కలోకి తీసుకోనివారు ఒకచోట లాభం చూసి మరోచోట పోగొట్టుకుంటారు.

రెండోది డిగ్రీల లెక్క. పిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమానినిని చూసి, అట్ట మీద 360 డిగ్రీల చక్రం గీసి, దాన్ని ఫ్లైవీలుకు అంటించాలి. ఒక తీగ ముక్కను ముల్లులా నిలబెట్టాలి. ఏ కిటికీ ఎన్ని డిగ్రీల దగ్గర తెరుచుకుంటోంది, ఎక్కడ మూసుకుంటోంది అన్నది నోటు పుస్తకంలో రాసుకోవాలి. మామూలు మిషన్లలో పొగ కిటికీ చుట్టులో 160 డిగ్రీల మేర, పక్క కిటికీలు 120 డిగ్రీల మేర అటూఇటూగా తెరిచి ఉంటాయి. ఈ లెక్క రాసుకోకుండా ఆకురాయి పట్టినవాడికి తాను ఎక్కడ మొదలుపెట్టాడో కూడా తెలియదు.

మూడోది వెడల్పు. ఎత్తుకన్నా ముందు వెడల్పు పెంచడం మేలు. అయినా హద్దు ఉంది. సిలిండరు అడ్డకొలతలో వందకు 60 నుంచి 65 వంతుల దాకానే పొగ కిటికీ వెడల్పు ఉండాలి. 45 మిల్లీమీటర్ల సిలిండరుకు 27 నుంచి 29 మిల్లీమీటర్లు అన్నమాట. అది దాటితే పిస్టను రింగు ఆ కిటికీలోకి ఉబ్బి, అంచుకు తగిలి విరుగుతుంది. విరిగిన ముక్క పిస్టనునూ, సిలిండరునూ కలిపి గీసేస్తుంది. కిటికీ పై అంచు పలకలా కాకుండా వంపుగా ఉండాలి. రింగు కొసలు కలిసే చోట మేకు లాంటి చిన్న పిన్ను ఉంటుంది. ఆ కొసలు కిటికీ మీదుగా పోకుండా చూడాలి. పిస్టను పైకి పోయినప్పుడు దాని పక్క గోడ కిటికీని పూర్తిగా కప్పుతోందో లేదో కూడా చూడాలి. కప్పకపోతే కింది గదిలోని సరుకు పొగ గొట్టంలోకి కారిపోతుంది.

నాలుగోది ఎత్తు. ఇక్కడే చేయి జారేది. కిటికీని ఒక్క మిల్లీమీటరు పైకి తోమితే అది తెరిచి ఉండే కాలం ఏడు డిగ్రీలకు పైగా పెరుగుతుంది. కాబట్టి పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు లెక్కన పోవాలి. ఎక్కువ తోమితే మిషను గాలిలో కేకలు పెడుతుంది, కర్రలో దింపగానే కూర్చుండిపోతుంది. పై వేగం పెరిగి, కింది లాగుడు పోయిందన్నమాట. తీసిన లోహాన్ని మళ్లీ పెట్టడం ఎవరి తరమూ కాదు.

ఐదోది సిలిండరు పూత. పాత స్కూటర్లకు, ఆర్ఎక్స్ 100కు ఇనుప గొట్టం ఉండేది. అరిగితే ఓవరు సైజు చేయించి కొత్త పిస్టను వేసేవారు. రంపం మిషన్లలో చాలావాటికి అల్యూమినియం సిలిండరు మీద కాగితం కన్నా పలచగా గట్టి పూత ఉంటుంది. కిటికీ అంచులో ఆ పూత పెచ్చు లేచిందంటే మామూలు లేతు షాపులో చేసేదేమీ లేదు. కొత్త సిలిండరు కొనవలసిందే. అందుకే లోపలి వైపు నుంచి బయటికి మాత్రమే తోమాలి. తోమిన ప్రతి అంచునూ ఎమరీ కాగితంతో నున్నగా గుండ్రం చేయాలి. చివరికి సబ్బునీళ్లతో కడిగి, గాలి కొట్టి, ఆరబెట్టి, నూనె రాసి బిగించాలి. ఆవగింజంత రజను లోపల మిగిలినా మొదటి గంటలోనే దాని పని అది చేసుకుపోతుంది.

లోపలి దారులు అద్దంలా మెరిస్తే బలం పెరుగుతుందని ఒక నమ్మకం ఉంది. పొగ దారి నున్నగా ఉంటే మసి తక్కువగా పట్టుతుంది, అంతవరకే. మెరుపుకు, బలానికి సంబంధం తక్కువ. ఆకారానికి, కొలతకే సంబంధం.

పిస్టను ఎందుకు పట్టేస్తుంది?

అంత శ్రమ పడకుండా సైలెన్సరు కంత పెద్దది చేసి ఊరుకునేవారు ఎక్కువ. ఇది సులువైన పని, లాభం వెంటనే తెలిసే పని కూడా. అయితే ఇంజన్లు ఎక్కువగా పోయేది దీని తర్వాతే.

కారణం ఇది. పొగ సులువుగా పోతే గాలి ఎక్కువ లోపలికి వస్తుంది. దానికి తగ్గ పెట్రోలు రావాలంటే కార్బొరేటరు మీద 'హెచ్' అని రాసి ఉన్న స్క్రూను ఎడమ వైపుకు కొద్దిగా విప్పాలి. అలా విప్పకపోతే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అవుతుంది. టూ స్ట్రోక్ ఇంజనుకు నూనె వేరే దారిలో రాదు. పెట్రోలుతో కలిసే వస్తుంది. పెట్రోలు తగ్గిందంటే నూనె కూడా తగ్గినట్టే. ఒక వైపు వేడి పెరుగుతుంది, మరో వైపు నూనె తగ్గుతుంది. మిషను ఇంతకు ముందెన్నడూ లేనంత హుషారుగా అరుస్తుంది. కుర్రాడు మురిసిపోతాడు. కాసేపటికి పిస్టను పట్టేస్తుంది.

స్క్రూ సరిగ్గా ఉందో లేదో చెవితో పట్టుకునే పద్ధతి ఒకటి ఉంది. కర్ర తగలకుండా పూర్తి వేగం ఇచ్చినప్పుడు మోత కొద్దిగా బరబరలాడుతూ ఉండాలి. కర్రలో దింపగానే ఆ బరబర పోయి మోత శుభ్రం కావాలి. గాలిలోనే సన్నగా, శుభ్రంగా కీచుమంటూ ఉంటే పెట్రోలు తక్కువైందన్న గుర్తు. చుట్లు లెక్కపెట్టే మీటరు దొరికితే మరీ మంచిది. కంపెనీ పుస్తకంలో రాసిన అంకె దాటనీయకూడదు.

నూనె లెక్క కూడా చాలామంది అందాజుగా పోసేస్తుంటారు. కంపెనీ పుస్తకంలో 50కి 1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. 25కి 1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు. టానిక్ సీసాతో వచ్చే గీతల మూత ఉంటే కొలత కుదురుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు. చాలా రంపం కంపెనీల పుస్తకాలు 10 శాతం వరకే ఒప్పుకుంటాయి. ఇథనాలు ఉన్న పెట్రోలుతో మిశ్రమంలో గాలి పాలు ఇంకాస్త పెరుగుతుంది. నిలవ ఉంచితే తేమను లాగుతుంది. కార్బొరేటరులోని రబ్బరు పొరలను పాడుచేస్తుంది. కాబట్టి ఏ రోజుకారోజు కలుపుకోవడం, పని దిగాక ట్యాంకు వంచేయడం మంచిది.

ఇంకొక సంగతి. పాత మిషనులో క్రాంకు సీళ్లు అరిగి ఉంటాయి. అక్కడి నుంచి దొంగ గాలి లోపలికి వస్తుంది. స్క్రూ ఎంత తిప్పినా లెక్క కుదరదు. పోర్టింగుకు ముందే ఇంజను కంతలన్నీ మూసి అర కేజీ గాలి పట్టి, ఆ గాలి నిలుస్తుందో లేదో చూడాలి. దిగిపోతుంటే ముందు సీళ్లు మార్చాలి. తూము కారుతుంటే చెరువు లోతు తవ్వి లాభమేముంది?

ఆటకు వేరు, పాటుకు వేరు

అమెరికా, కెనడా వంటి చోట్ల కలప కోత పోటీలు జరుగుతాయి. 'హాట్ సా' అనే పందెంలో బాగా మార్చిన పెద్ద ఇంజన్లను తెస్తారు. మంచు మీద నడిచే బండ్ల ఇంజన్లను రంపానికి బిగించుకుని వచ్చేవారూ ఉన్నారు. లావుపాటి దుంగ నుంచి మూడు బిళ్లలు కొన్ని సెకన్లలో కోసేస్తారు. చూసినవారికి తామూ అలా చేయాలనిపించడం సహజం. అయితే ఆ ఇంజను బతకవలసింది ఆ కొన్ని సెకన్లే. సుబాబుల్ తోటలో మిషను పొద్దున నుంచి సాయంత్రం దాకా, ఎండలో, దుమ్ములో బతకాలి. పైగా దాని మీద అప్పు ఉంటుంది.

పురుగు నేర్పిన పాఠం

రంపం మిషను చరిత్రలో కోత వేగాన్ని ఒక్కసారిగా పెంచిన మార్పు ఏది అని చూస్తే, అది ఇంజనులో జరగలేదు. 1920లలో జర్మనీలో పెట్రోలు రంపాలు తయారయ్యాయి. అప్పటి చైన్లకు చేతిరంపం పళ్ల లాంటి పళ్లే ఉండేవి. అవి కర్రను గీకేవి. తొందరగా మొద్దుబారేవి. ఆకురాయి పట్టడానికే సగం పొద్దు పోయేది.

1946లో అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కలప కోత పనివాడు ఒక మొద్దును తొలుస్తున్న పురుగును చూశాడు. అది కర్రను తొలిచే ఒక పెంకుపురుగు పిల్ల. నిలువుగానైనా, అడ్డంగానైనా కర్రను సునాయాసంగా తినుకుంటూ పోతోంది. దాని నోటి పళ్లు కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి కోసుకుంటూ పోవడం ఆయన గమనించాడు. ఇంటికి వచ్చి అదే తీరులో ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంగిన కొక్కెం పళ్లతో చైను తయారుచేశాడు. 1947లో అమ్మకం మొదలైంది. ఈనాడు మన తోటల్లో తిరుగుతున్న చైన్లన్నీ ఆ పురుగు పంటికి వారసులే. ఇంజనుకు ఒక్క హార్సుపవరు కలపకుండానే కోత వేగం పెరిగింది.

షెడ్డు ముందు మెకానిక్కు "ముందు చైను విప్పు" అనడంలో ఉన్న అర్థం ఇదే.

చైను పదునుగా ఉంటే కర్ర నుంచి రేకుల్లాంటి పెచ్చులు రాలతాయి. మొద్దుబారితే పిండిలాంటి పొట్టు రాలుతుంది. పదును ఉంటే మిషను తన బరువుతో తానే దిగుతుంది. మొద్దుబారితే మనిషి ఒంగి నొక్కాలి. కోత పక్కకు వంకర పోతోందంటే ఒక వైపు పళ్లు పొట్టివైనట్టు. బారు దగ్గర పొగ వస్తుంటే చైను నూనె అందనట్టు. సుబాబుల్‌ను నేల మట్టానికి కోయవలసి ఉంటుంది గనుక బారు కొస మట్టికి తగలడం మామూలే. ఒక్క సెకను ఇసుకలో తిరిగితే చాలు, పొద్దున్న పెట్టిన పదును అంతా పోతుంది. కోసే ముందు మొదలు చుట్టూ మట్టి తోసేసే ఓపిక ఉన్నవాడు సాయంత్రానికి ఎక్కువ టన్నులు వేస్తాడు.

పదును పెట్టడానికీ లెక్క ఉంది. చైను సైజును బట్టి గుండ్రటి ఆకురాయి కొనాలి. 3/8 చైనుకు 5.2 మిల్లీమీటర్లది, .325 చైనుకు 4.8 మిల్లీమీటర్లది, చిన్న మిషన్ల 3/8 సన్న చైనుకు 4 మిల్లీమీటర్లది సాధారణంగా సరిపోతుంది. మామూలుగా 30 డిగ్రీల వాటంలో, లోపలి నుంచి బయటికి, ప్రతి పంటికీ సమానంగా తోయాలి. ఒక పంటికి మూడు తోపులైతే అన్నిటికీ మూడే. ప్రతి పంటి ముందు ఒక మొటిమ ఉంటుంది. పన్ను కర్రలోకి ఎంత లోతు దిగాలో చెప్పేది అదే. పంటి కొస కన్నా ఆ మొటిమ సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. పన్ను అరిగే కొద్దీ మొటిమను కూడా పలక ఆకురాయితో తగ్గించాలి. పళ్లు మెరుస్తున్నా మిషను కోయడం లేదంటే ఈ మొటిమ సంగతి మరిచిపోయినట్టే. అలాగని మరీ తగ్గిస్తే పన్ను ఎక్కువ కరిచి మిషను ఎగిరిపడుతుంది.

దీనికి తోడు గాలి వడపోత డబ్బా రోజూ దులపాలి. బారు గాడిలో పేరుకున్న పొట్టును తీయాలి. బారును అప్పుడప్పుడు తలకిందులు చేసి బిగిస్తే రెండు వైపులా సమానంగా అరుగుతుంది. చైనును లాగే పళ్ల చక్రం అరిగితే మార్చాలి. ఇవన్నీ చేశాక కూడా మిషను లాగడం లేదంటే అప్పుడు ఇంజను విప్పే ఆలోచన చేయవచ్చు.

చెవికి, చేతికి, తోటకు

బలం పెంచిన మిషను అడిగే మూల్యం మరొకటి ఉంది. పూర్తి వేగంలో చైను సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోతుంది. బారు కొస పైభాగం కర్రకు తగిలితే మిషను వెనక్కు, మనిషి మొహం మీదికి ఎగురుతుంది. బలం పెరిగినప్పుడు ఆ ఎగురుడూ పెరుగుతుంది. ముందు చేతి దగ్గరున్న చైను బ్రేకు పనిచేయని మిషనుకు పోర్టింగు చేయడం మనిషి మీదికి కత్తి నూరడమే.

మామూలు మిషను మోతే 110 డెసిబెల్స్ దాకా ఉంటుంది. సైలెన్సరు కంత పెంచితే ఇంకా పెరుగుతుంది. చెవికి అడ్డు పెట్టుకోని మనిషి ముసలితనం రాకముందే చెవిటివాడవుతాడు. ఏళ్ల తరబడి అదురు తగిలితే వేళ్లలో రక్తం ఆడక తెల్లబడి, తిమ్మిరి పట్టే జబ్బు వస్తుంది. మిషను పిడి దగ్గరున్న రబ్బరు బుష్షులు, స్ప్రింగులు పోయాయేమో చూసుకోవాలి.

సైలెన్సరులో ఒక సన్నటి ఇనుప జల్లెడ ఉంటుంది. పొగతో పాటు నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపేది అదే. బలం కోసం దాన్ని పీకి పారేసేవారున్నారు. ఎండాకాలం తోటలో మోకాటి లోతు ఎండుటాకు ఉంటుంది. ఒక్క రవ్వ పడితే ఏళ్ల తరబడి పెంచిన రైతు పంట బూడిదవుతుంది. మసి పడితే జల్లెడను కాల్చి శుభ్రం చేసి మళ్లీ పెట్టాలి తప్ప తీసేయకూడదు. వేడి మిషనులో పెట్రోలు పోయడం కూడా అంత ప్రమాదమే.

ఆకురాయి ఒకటే

ఇంత చదివాక పోర్టింగు చేయకూడదా అని అడిగేవారుంటారు. చేయకూడదని కాదు. కొలత తెలిసినవాడు, ఓపిక ఉన్నవాడు, పోయినా ఫరవాలేదనుకునే పాత సిలిండరు చేతిలో ఉన్నవాడు నేర్చుకోవలసిన విద్యే అది. మొదటి ఆకురాయి ఆ పాత సిలిండరు మీదే పడాలి. పూట గడిపే మిషను మీద కాదు.

షెడ్డు ముందు కుర్రాడు చైను విప్పి ఇస్తాడు. మెకానిక్కు దాన్ని వైసులో బిగించి, ఒక్కో పంటికి మూడేసి తోపులు వేస్తాడు. మొటిమలు సరిచేస్తాడు. గాలి డబ్బా తీసి గోడకు తట్టి దులుపుతాడు. పావుగంటకో, అరగంటకో మిషను మళ్లీ కుర్రాడి చేతికి వస్తుంది. షెడ్డు పక్కన పడి ఉన్న జామాయిల్ మొద్దు మీద ఒక కోత వేసి చూసుకుంటాడు. రేకుల్లాంటి పెచ్చులు కాళ్ల మీద రాలతాయి. చాలామంది ఇంజను మాట మరిచిపోయి అటునుంచి అటే ఇంటికి పోతారు.

పోర్టు తోమేదీ ఆకురాయే, పన్ను నూరేదీ ఆకురాయే. దాన్ని ముందు దేని మీద పెట్టాలో తెలిసినవాడి మిషనే సాయంత్రం దాకా ఆగకుండా నడుస్తుంది.